శామ్ మానెక్‌షా పతకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబరు 16, అంటే 1971 యుద్ధంలో పాకిస్తాన్ సైన్యం ఢాకాలో లొంగిపోయిన రోజు వచ్చిందంటే చాలు, ఫ్యామిలీ గ్రూపుల్లో అప్పటి మన ఆర్మీ చీఫ్ శామ్ మానెక్‌షా ఫొటో తిరగడం మొదలవుతుంది. గుబురు మీసాలు, పక్కకు వాల్చిన గూర్ఖా టోపీ, ఛాతీ మీద రంగురంగుల రిబ్బన్లు. కింద ఎవరో ఒకరు "పరమవీర చక్ర గ్రహీత" అని రాసేస్తారు. ఇంకొకరు "కాదు, మహావీర చక్ర" అని సరిదిద్దుతారు. రెండూ తప్పే. నేను సికింద్రాబాద్ కంటోన్మెంట్ పక్కన పెరిగినవాణ్ణి కావడంతో చుట్టాలందరూ ఈ ప్రశ్నలు నన్నే అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక అన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఇంతకీ మానెక్‌షాకు పరమవీర చక్ర వచ్చిందా?

రాలేదు. మహావీర చక్ర రాలేదు, వీర చక్ర కూడా రాలేదు. స్వతంత్ర భారతదేశం ఇచ్చే శౌర్య పతకాల్లో ఆయనకు ఒక్కటి కూడా లేదు.

మరి ఏమేం వచ్చాయి?

సాహసానికి వచ్చింది ఒక్కటే, మిలిటరీ క్రాస్. అది 1942లో బ్రిటిష్ ఇండియా సైన్యంలో ఉండగా వచ్చింది. తర్వాత 1968లో పద్మ భూషణ్, 1972లో పద్మ విభూషణ్ ఇచ్చారు. 1973లో ఫీల్డ్ మార్షల్ హోదా దక్కింది. నేపాల్ ఇచ్చిన గౌరవాలు వేరే ఉన్నాయి. మిగతా రిబ్బన్లన్నీ యుద్ధాల్లో పాల్గొన్నందుకో, ఇన్నేళ్లు సర్వీసు చేసినందుకో వేలమందితో పాటు ఆయనకూ వచ్చినవి.

మిలిటరీ క్రాస్ ఎలా వచ్చింది?

1942 ఫిబ్రవరి. బర్మాలో జపాన్ సైన్యం దూసుకొస్తుంటే 17వ ఇండియన్ డివిజన్ వెనక్కి తగ్గుతోంది. రంగూన్ వైపు వెళ్లాలంటే సిట్టాంగ్ నది దాటాలి, దాటడానికి ఉన్నది ఒకే ఒక్క రైలు వంతెన. దాన్ని కాపాడుకోవాలంటే దగ్గర్లోని పగోడా కొండ చేజారకూడదు. కానీ అది అప్పటికే జపాన్ వాళ్ల చేతికి వెళ్లింది.

మానెక్‌షాకు అప్పుడు 27 ఏళ్లు, కెప్టెన్. ఫ్రాంటియర్ ఫోర్స్ రెజిమెంట్ నాలుగో బెటాలియన్‌లో ఒక కంపెనీ ఆయన కింద ఉంది. ఫిబ్రవరి 22న ఆ కంపెనీతో కొండ మీదికి ఎదురుదాడికి వెళ్లారు. దాదాపు మూడో వంతు మంది పడిపోయినా కొండ చేతికొచ్చింది. ఆ వెంటనే మెషిన్‌గన్ గుళ్లు ఆయన పొట్టలోకి దిగాయి. ఊపిరితిత్తులు, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఆర్డర్లీగా ఉన్న సిపాయి షేర్ సింగ్ ఆయన్ని మోసుకుంటూ వెనక్కి తెచ్చాడు.

డేవిడ్ కోవన్ అనే ఉన్నతాధికారి (కొద్ది రోజుల్లోనే ఆ డివిజన్‌కు కమాండర్ అయ్యాడు) ఆ పరిస్థితి చూశాడు. మనిషి బతకడని అనుకున్నాడు. తన ఛాతీ మీదున్న మిలిటరీ క్రాస్ రిబ్బన్ ఊడదీసి మానెక్‌షా చొక్కాకు గుచ్చాడు. చనిపోయినవాడికి మిలిటరీ క్రాస్ ఇవ్వరు కదా అన్నాడట. డాక్టర్ దగ్గర జరిగిన ముచ్చట ఇంకా ఎక్కువ మందికి తెలుసు. ఇతను దక్కేలా లేడని ఆ ఆస్ట్రేలియన్ సర్జన్ మొదట చెయ్యి వేయలేదట. స్పృహ వచ్చాక ఏమైందని అడిగితే, కంచర గాడిద తన్నిందని మానెక్‌షా చెప్పారట. ఇంత హాస్యం ఉన్నవాడిని వదలకూడదని ఆపరేషన్ చేశాడంటారు. మర్నాడు తెల్లవారుజామున బ్రిటిష్ వాళ్లే ఆ వంతెన పేల్చేశారు, చాలామంది సైనికులు అవతలి ఒడ్డునే ఉండిపోయారు. పతకం సంగతి అదే ఏడాది ఏప్రిల్‌లో గెజిట్‌లో వచ్చింది.

అంత హడావుడిగా రిబ్బన్ గుచ్చడం దేనికి? చనిపోయాక ఇస్తే ఏమవుతుంది?

అప్పటి బ్రిటిష్ రూల్ అలా ఉండేది. యుద్ధరంగంలో సాహసం చేసి చనిపోయినవారికి ఇస్తే అన్నిటికన్నా పెద్దదైన విక్టోరియా క్రాస్ ఇవ్వాలి. లేదంటే సైనిక నివేదికల్లో పేరు ప్రస్తావించి ఊరుకోవాలి. మధ్యలో ఉన్న పతకాలేవీ మరణానంతరం ఇచ్చేవారు కాదు. ఈ రూల్ 1979 వరకు నడిచింది. అంటే కోవన్ చేసింది సినిమా సీన్ కాదు. మనిషి ప్రాణం పోయేలోపు సిఫార్సు పడాలన్న తొందర అది. మన దేశంలో అలాంటి అడ్డంకి లేదు. పరమవీర చక్ర అందుకున్నవారిలో ఎక్కువమందికి అది మరణానంతరమే వచ్చింది.

మిలిటరీ క్రాస్ చూడటానికి ఎలా ఉంటుంది?

వెండి శిలువ. నాలుగు కొసల్లోనూ కిరీటాలు, మధ్యలో రాజు పేరు పొడి అక్షరాలు ఉంటాయి. రిబ్బన్ గుర్తుపట్టడం తేలిక. అటూ ఇటూ తెలుపు, నడుమ ఊదా, మూడు పట్టీలూ ఒకే వెడల్పు. ఫొటోల్లో వెతికేటప్పుడు మాత్రం మొదటి వరుసలో చూడకండి. మన దగ్గర స్వాతంత్ర్యానికి ముందు వచ్చిన బ్రిటిష్ పతకాలు భారత పతకాల తర్వాతే వస్తాయి. ప్రాణం మీదికి తెచ్చిన ఆ రిబ్బన్, పాతికేళ్ల స్వాతంత్ర్యోత్సవ పతకం కన్నా వెనక కూర్చుంది. నాకైతే ఇది ఎప్పుడూ కొంచెం చివుక్కుమనిపిస్తుంది, కానీ వరుస అంటే వరుసే.

1971 యుద్ధం గెలిపించినందుకు ఏ యుద్ధ పతకం ఇచ్చారు?

చాలామందికి నమ్మబుద్ధి కాని సమాధానం ఇదే. నాయకత్వానికంటూ ఏ యుద్ధ పతకమూ ఇవ్వలేదు. ఇద్దామన్నా అప్పటికి అలాంటి పతకమే మన దగ్గర లేదు.

కాస్త వెనక్కి వెళ్లి చూద్దాం. బ్రిటిష్ వాళ్ల కాలంలో చిన్న అధికారుల సాహసానికి మిలిటరీ క్రాస్ ఉండేది. యుద్ధంలో బెటాలియన్‌నో బ్రిగేడ్‌నో బాగా నడిపించిన పెద్ద అధికారులకు డిస్టింగ్విష్డ్ సర్వీస్ ఆర్డర్ అని మరొకటి ఉండేది. తర్వాతి కాలంలో ఆర్మీ చీఫ్ అయిన తిమ్మయ్యకు 1945లో బర్మాలోని కంగావ్ పోరాటంలో వచ్చింది అదే. అప్పట్లో ఆయన నడిపిన బెటాలియన్ హైదరాబాద్ రెజిమెంట్‌ది, తర్వాత కుమావు రెజిమెంట్‌గా పేరు మారింది. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో పరమవీర, మహావీర, వీర చక్రాలు పెట్టారు. మూడూ శత్రువు ఎదుట చూపిన శౌర్యానికే. 1960లో పరమ విశిష్ట సేవా పతకం, దాని తమ్ముళ్లు వచ్చాయి. అవి మంచి సేవకు, శాంతికాలంలో అయినా ఇస్తారు. యుద్ధంలో నాయకత్వం అనే గడి మాత్రం ఖాళీగా మిగిలిపోయింది.

ఆ ఖాళీని పౌర పురస్కారాలతో నింపారు. 1965 యుద్ధ సమయంలో ఆర్మీ చీఫ్ జనరల్ జె.ఎన్. చౌధురి. 1948 పోలీసు చర్యలో హైదరాబాద్‌లోకి సైన్యాన్ని నడిపించి, తర్వాత ఇక్కడే మిలిటరీ గవర్నర్‌గా చేసింది ఆయనే, మన పెద్దవాళ్లకు గుర్తుంటుంది. ఆయనకు యుద్ధం తర్వాత పద్మ విభూషణ్ ఇచ్చారు. 1971 తర్వాత మానెక్‌షాకూ అదే వచ్చింది. సంగీత విద్వాంసులకు, శాస్త్రవేత్తలకు, న్యాయకోవిదులకు ఇచ్చే పద్మ విభూషణే పదమూడు రోజుల్లో ఒక యుద్ధం ముగించిన సేనానికీ ఇచ్చారన్నమాట. తక్కువేం కాదు. వరుసలో అది పరమ విశిష్ట సేవా పతకం కన్నా, మహావీర చక్ర కన్నా పైనే ఉంటుంది. కాకపోతే అది చూసి ఆయన యుద్ధం చేశారని ఎవరూ గుర్తుపట్టలేరు.

ఆయన చేసిన గొప్ప పని ఏమిటసలు? ఢాకాలో సంతకం పెట్టించడమా?

1971 డిసెంబరు 16న ఢాకా రేస్‌కోర్సులో, అక్కడి పాకిస్తాన్ సేనల అధిపతి నియాజీతో లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టించింది తూర్పు కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ జగ్‌జీత్ సింగ్ అరోరా. సుమారు 93,000 మంది లొంగిపోయారు. మానెక్‌షా అక్కడ లేరు, ఢిల్లీలో ఉండిపోయారు. ఆ ఘడియ అరోరాదే అయ్యేలా వదిలేయడం కూడా ఒక పెద్దరికమే.

నన్నడిగితే ఆయన పెద్ద పని అంతకు ఎనిమిది నెలల ముందే జరిగింది. ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ కేబినెట్ సమావేశంలో యుద్ధానికి ఇప్పుడు సిద్ధంగా లేమని చెప్పానని ఆయన తర్వాత చాలా సభల్లో చెప్పుకున్నారు. వానలు మొదలైతే తూర్పు బెంగాల్ నదులు సముద్రాల్లా అవుతాయి. పంజాబ్, హర్యానాలో కోతల కాలం, రైలు బోగీలన్నీ ధాన్యానికే కావాలి. చలికాలం దాకా ఆగితే కనుమలు మంచుతో మూసుకుని చైనా వైపు నుంచి బెడద తగ్గుతుంది. అప్పుడు ఒక్కరే అంతా ఆపారన్నది కొందరు చరిత్రకారులు ఒప్పుకోరు, ప్రభుత్వం కూడా అప్పటికి తొందరపడటం లేదంటారు. ఆ వాదన ఎటు తేలినా, దొరికిన ఆ నెలల్ని ఆయన వాడుకున్న తీరు మీద మాత్రం తగువు లేదు. అయితే "ఇప్పుడు వద్దు" అన్నందుకు ఇచ్చే రిబ్బన్ ఏ దేశంలోనూ ఉన్నట్టు లేదు.

జనరల్స్‌కు శౌర్య పతకాలు ఇవ్వరా? రూల్ ఏమైనా ఉందా?

రూల్ లేదు. మహావీర చక్రకు ర్యాంకు అడ్డం కాదు. 1965లో ఒకటో ఆర్మర్డ్ డివిజన్‌ను నడిపిన మేజర్ జనరల్ రాజీందర్ సింగ్ 'స్పారో'కు మహావీర చక్ర రెండోసారి వచ్చింది. మొదటిది 1948లో జోజిలా కనుమకు ట్యాంకులు ఎక్కించినప్పటిది. అదే యుద్ధంలో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ పాటన్ ట్యాంకులను ఆపిన నాలుగో డివిజన్ కమాండర్ మేజర్ జనరల్ గుర్‌బక్ష్ సింగ్‌కూ వచ్చింది. అదే పోరాటంలో డెక్కన్ హార్స్ రెజిమెంట్‌ను నడిపిన లెఫ్టినెంట్ కల్నల్ అరుణ్ వైద్యకు ఒకటి, 1971లో బ్రిగేడియర్‌గా మరొకటి వచ్చాయి. డెక్కన్ హార్స్ మూలాలు నిజాం కాలపు హైదరాబాద్ కంటింజెంట్‌లో ఉన్నాయి, అదీ మనవైపుదే.

కానీ ర్యాంకు పెరిగేకొద్దీ శత్రువుకీ మనిషికీ మధ్య దూరం పెరుగుతుంది. కంపెనీ కమాండర్ తుపాకీ మోతలో ఉంటాడు. బ్రిగేడియర్ వరకు ఆ మోత చెవిన పడుతుంది. సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు 2020లో గల్వాన్‌లో 16 బీహార్ కమాండింగ్ ఆఫీసర్‌గా ముందు నిలబడి ప్రాణాలిచ్చారు, మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. ఆర్మీ చీఫ్ ఢిల్లీలో మ్యాపు ముందు కూర్చుంటాడు. ఆయన పడేది వేరే రకం టెన్షన్, దానికి శౌర్యం అనే మాట అతకదు.

1971లో మిగతా జనరల్స్‌కు ఏమిచ్చారు? తెలుగువారెవరైనా ఉన్నారా?

అరోరాకు, సేనలను నదులు దాటించి ఢాకా వైపు నడిపించిన సగత్ సింగ్‌కు పరమ విశిష్ట సేవా పతకం, పద్మ భూషణ్ రెండూ ఉన్నాయి. తూర్పు కమాండ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ జేకబ్‌కు పరమ విశిష్ట సేవా పతకం వచ్చింది.

తెలుగువారిలో పెద్ద పేరు కె.వి. కృష్ణారావు గారిది. శ్రీకాకుళం జిల్లా మనిషి. అప్పటికి మేజర్ జనరల్, ఎనిమిదో మౌంటెన్ డివిజన్ కమాండర్. సిల్హెట్ ప్రాంతంలో యుద్ధం నడిపింది ఆయన డివిజనే. నాయకత్వానికి పరమ విశిష్ట సేవా పతకం అందుకున్నారు, తర్వాత 1981లో ఆర్మీ చీఫ్ అయ్యారు. ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చింది పైన చెప్పిన వైద్య. శ్రీకాకుళంలో ఎంతమంది పిల్లలకు కృష్ణారావు గారి పేరు తెలుసో ఒకసారి అడిగి చూడండి. నేను అడిగాను, జవాబు చెప్పుకునేలా లేదు.

1968 పద్మ భూషణ్ దేనికి?

తూర్పు కమాండ్ అధిపతిగా నాగాలాండ్, మిజో కొండల్లో తిరుగుబాట్లను ఎదుర్కొన్నందుకు.

ఫీల్డ్ మార్షల్ అనేది అవార్డా, ర్యాంకా?

ర్యాంకే. కానీ ప్రమోషన్‌లా సీనియారిటీ లెక్కన వచ్చేది కాదు, ప్రభుత్వం ప్రత్యేకంగా ఇవ్వాలి. జనరల్‌కు నాలుగు నక్షత్రాలైతే ఇది ఐదు నక్షత్రాల స్థాయి. 1973 జనవరి 3న రాష్ట్రపతి భవన్‌లో దీన్ని ప్రదానం చేసింది అప్పటి రాష్ట్రపతి, మన వి.వి. గిరి గారే. దేశానికి మానెక్‌షా మొదటి ఫీల్డ్ మార్షల్. రెండోవారు స్వాతంత్ర్యం తర్వాత తొలి భారతీయ ఆర్మీ చీఫ్ అయిన కరియప్ప, 1986లో. మూడోవారు లేరు. వైమానిక దళంలో అర్జన్ సింగ్‌కు 2002లో దీనికి సమానమైన హోదా ఇచ్చారు.

భుజం మీద గుర్తు దగ్గరగా చూస్తే, పైన నాలుగు సింహాలు, కింద ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టిన దండం, కత్తి, చుట్టూ తామర పూల దండ. చేతిలో పట్టుకోవడానికి బంగారు కొసలున్న నిజం దండం కూడా ఇస్తారు. పతకాల్లో దొరకని "యుద్ధ నాయకుడు" అన్న మాటను ప్రభుత్వం ఈ దండంతో చెప్పిందని నా అభిప్రాయం.

ఫీల్డ్ మార్షల్ రిటైర్ అవరట, నిజమేనా?

నిజమే, కాగితం మీద. ఆ హోదా బతికున్నంత కాలం ఉంటుంది, జీతమూ పూర్తిగా రావాలి. మానెక్‌షా 1973 జనవరి 15న ఆర్మీ చీఫ్ బాధ్యత దిగిపోయి నీలగిరుల్లోని కూనూరులో స్థిరపడ్డారు. రావాల్సిన జీతం మాత్రం దశాబ్దాలపాటు సరిగా రాలేదు. రాష్ట్రపతిగా ఉన్న అబ్దుల్ కలాం ఆయన్ని వెల్లింగ్టన్ మిలిటరీ ఆసుపత్రిలో పరామర్శించాక, 2007లో కోటి రూపాయలకు పైగా బకాయి చెల్లించారు. అప్పటికి ఆయనకు 93 ఏళ్లు. మరుసటి ఏడాది జూన్ 27న కన్నుమూశారు. పెన్షన్ ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లెవరికీ ఈ కథ వింతగా అనిపించదు.

'శామ్ బహాదుర్' అనేది బిరుదా?

ప్రభుత్వం ఇచ్చింది కాదు, గూర్ఖా సైనికులు ముద్దుగా పిలుచుకున్న పేరు. దేశ విభజనలో ఆయన పాత రెజిమెంట్ పాకిస్తాన్‌కు వెళ్లిపోయింది. తర్వాత గూర్ఖాలతోనే బంధం పెరిగింది.

నేపాల్ ఏమిచ్చింది?

1972లో తమ సైన్యంలో గౌరవ జనరల్ హోదా ఇచ్చింది. ఇది రెండు దేశాల ఆర్మీ చీఫ్‌లకు పరస్పరం ఇచ్చుకునే ఆనవాయితీ, కరియప్ప నుంచి వస్తోంది. దీనికి తోడు త్రిశక్తి పట్ట మొదటి తరగతి పురస్కారం కూడా ఇచ్చారు.

ఛాతీ మీద అన్ని రిబ్బన్లున్నాయి కదా, మిగతావన్నీ ఏమిటి?

తిరుమలగిరి బజారులో యూనిఫాం కుట్టే ఒక షాపులో చిన్నప్పుడు గంటలకొద్దీ కూర్చునేవాణ్ణి. కౌంటర్ మీద రిబ్బన్ చుట్టలు వరసగా ఉండేవి, మన చీరల షాపులో ఫాల్ రోల్స్ ఉన్నట్టు. షాపాయన పొడుగాటి రేకు పట్టీ తీసుకుని, దాని మీద ఒక్కో రంగు ముక్కా పక్కపక్కన ఇరుకుగా చుట్టి, వెనక రెండు పిన్నులు బిగించేవాడు. వరుస తప్పితే సుబేదార్ గారు తిరిగొచ్చి చీవాట్లు పెట్టేవారు. "ముందు మెహనత్‌వి, తర్వాత హాజరీవి" అనేవాడు షాపాయన. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

మానెక్‌షా పట్టీలో చాలావరకు హాజరీవే. రెండో ప్రపంచ యుద్ధానికి 1939–45 స్టార్, బర్మా స్టార్, వార్ మెడల్. స్వాతంత్ర్యం నాటి సైనికులందరికీ ఇచ్చిన స్వాతంత్ర్య పతకం. తొమ్మిదేళ్ల, ఇరవై ఏళ్ల సర్వీసు పతకాలు. 1965 నాటి రక్షా మెడల్, 1971 నాటి సంగ్రామ్ మెడల్. తూర్పు రంగంలో పనిచేసినవారికి పూర్వీ స్టార్, పడమటి రంగంలోవారికి పశ్చిమీ స్టార్ ఇచ్చారు. రెండు రంగాలనూ నడిపించిన ఆయనకు రెండూ ఉన్నాయి.

భారతరత్న ఎందుకు ఇవ్వలేదు?

ఇవ్వాలన్న డిమాండ్ మాజీ సైనికుల నుంచి ఎప్పటినుంచో ఉంది. ఇంతవరకు సైనికాధికారి ఎవరికీ భారతరత్న ఇవ్వలేదు.

ఇవాళ అలాంటి యుద్ధం నడిపిన జనరల్‌కు ఏ పతకం వస్తుంది?

సర్వోత్తమ యుద్ధ సేవా పతకం. ఆ ఖాళీ గడిని 1980లో నింపారు. సర్వోత్తమ, ఉత్తమ, మామూలు యుద్ధ సేవా పతకాలని మూడు మెట్లు పెట్టారు. సర్వోత్తమ చాలా అరుదు. శ్రీలంకలో శాంతి దళాన్ని నడిపిన లెఫ్టినెంట్ జనరల్ కల్కత్‌కు వచ్చింది, కార్గిల్ యుద్ధం తర్వాత కూడా ఇచ్చారు. మళ్లీ 2025లో ఆపరేషన్ సిందూర్ తర్వాత ఒకేసారి ఏడుగురికి ప్రకటించారు. వారిలో టీవీల్లో మనందరం చూసిన, అప్పటి డీజీఎంఓ (సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్) రాజీవ్ ఘాయ్ ఒకరు. పద్మ భూషణ్‌కు కిందనే, పరమ విశిష్ట సేవా పతకానికి ఒక మెట్టు పైన దీని చోటు.

మా తాతయ్య పెట్టెలో 1971 నాటి మెడల్ ఒకటి దొరికింది. అది శౌర్య పతకమా, కాదా?

ఈ ప్రశ్న ఏడాదికి పదిసార్లయినా వస్తుంది. గుండ్రంగా ఉండి సంగ్రామ్ మెడల్ అని రాసి ఉంటే, లేదా ఐదు కొసల నక్షత్రమైతే, అది యుద్ధంలో ఉన్నందుకు ఇచ్చింది. శౌర్య పతకం కాదు. నిరాశపడకండి. మానెక్‌షా ఛాతీ మీద ఉన్నదీ సరిగ్గా అదే ముక్క, రంగులో తేడా కూడా ఉండదు. గుండ్రటి మెడల్ అయితే తోమి మెరిపించే ముందు అంచు చుట్టూ వెలుతురులో తిప్పి చూడండి. చిన్న అక్షరాల్లో సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు కొట్టి ఉంటాయి. చింతపండుతోనో, పీతాంబరి పౌడర్‌తోనో రుద్దితే మొదట అరిగేది అవే.